తల ఊపిన మాట

శనివారం, రాత్రి

రాత వంకర, తప్పులు కూడా ఉంటాయి. ఐదో తరగతితోనే బడి మాన్పించారు, ఏమనుకోవద్దు.

అన్నం తింటూ మా ఆయన అడిగాడు: "ఖమ్మంల ఇల్లు కిరాయికి దొరికింది. పోదామా?"

అత్తమ్మ పక్కనే ఉంది. ఆమె ముందు ఆయనతో మాట్లాడే అలవాటు ఈ ఇంట్లో కోడళ్లకు లేదు. తల ఊపాను.

"చూసినవా కొడుకా, పట్నమంటే ఎంత జల్దీ ఊపిందో!" అని అత్తమ్మ నవ్వింది.

"అయితే రేపే అడ్వాన్స్ ఇచ్చొస్త," అన్నాడు ఆయన.

పట్నం గురించి రాసుకుందామని కూర్చుంటే అన్నీ అడవి మాటలే వచ్చాయి. ఎండాకాలం తెల్లారకముందే ఆడవాళ్లందరం తునికాకు కోయడానికి పోతాం. అక్కడ నేను గట్టిగా నవ్వుతాను, ఎవరూ ఊరుకోమనరు. రాస్తూ రాస్తూ "నాకు పోవాలని లేదు" అని రాశాను. రాసేదాకా ఆ సంగతి నాకే తెలియదు. ఇప్పుడు తెలిసి ఏం చేయను? పొద్దున మొదటి బస్సుకే ఆయన వెళ్లిపోతాడు...

ఈ పేజీ చింపి ఆయన చొక్కా జేబులో పెడుతున్నాను. వేరే ఎవరికి దొరికినా చదవకుండా పొయ్యిలో పెట్టండి.

మీరైతే, చదివినాక.