నాన్న కుడికాలు

రోజుకో కవిత చదవమని శిక్ష వేసిన అక్కగారి సముఖానికి, శిక్ష పూర్తిచేసుకున్న తమ్ముడు భయభక్తులతో రాస్తున్న సంగతులు.

నాన్న గురించి నేను రాసిన కథ నీకు గుర్తుంది కదా. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషిని త్యాగమూర్తి, కరుణాసముద్రుడు అన్నాను. ఆయన ఓపిగ్గా అంతా చదివి, "ఎవర్రా ఈయన? పాపం, చాలా మంచివాడిలా ఉన్నాడు!" అన్నారు. ఆ రోజే కథలు మానేద్దామనుకున్నాను.

నీ ఆజ్ఞ ప్రకారం రెండు నెలలు కవితలు పైకి చదివాను. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. నేను పది విశేషణాలు కుమ్మరించే చోట కవి ఒక్క వస్తువును చూపించి ఊరుకుంటాడని అప్పుడు తెలిసింది. సముద్రాన్నీ త్యాగాన్నీ కొట్టేసి, వాటి స్థానంలో ఒక్క వాక్యం రాశాను: 'రిటైరయ్యాక కూడా, కుర్చీలో కూర్చున్న నాన్న కుడికాలు బ్రేకు కోసం వెతుకుతుంది.'

నిన్న కథ ఆయన చేతికిచ్చి, పారిపోవడానికి వీలుగా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ వాక్యం దగ్గర ఆగారు. తన కాలి వంక చూసుకుని, మెల్లగా దాన్ని కుర్చీ కిందకు లాక్కున్నారు.

"ఒరే, ఇది మీ అమ్మ కూడా కనిపెట్టలేదనుకున్నానే!" అన్నారు.

బతికిపోయానక్కా! ఇంకో కవితల పుస్తకం అర్జెంటుగా పంపు. తరువాతి కథ తన గురించే రాయాలని అమ్మ పట్టుబట్టింది. ఆవిడ దగ్గర రెండో అవకాశం ఉండదు.

నీ తమ్ముడు