ఉప్పు కట్టిన తెల్ల ప్యాంటు

బెన్హర్,

రొయ్యల కంపెనీ బస్సు వచ్చేస్తా ఉంది. చట్టిలో చేపల పులుసు ఉంది, అన్నం కుక్కర్లోనే ఉంది. పిల్లి దూరుతుంది, కిటికీ మూసిపెట్టు.

మైపాడులో అలలు పెద్దవిగా ఉన్నాయని, నిన్న నీ బాప్తిస్మం మన ఊరి కాలువకి మార్చినారు. నువ్వు అప్పటికే బండి మీద సముద్రానికి పోయినావు. ఆ సంగతి నీకు వాయిస్ మెసేజీలో చెప్పినాను. చెవులు వినపడని తమ్ముడికి! "టైపు చెయ్యక్కా" అని నువ్వు ఎన్నిసార్లు రాసి చూపించినా నాకు బద్ధకమే.

కాలువ గట్టున పాస్టరుగారు నీ పేరు పిలిచినారు. "నీళ్లంటే భయపడి రాలేదేమోలే అయ్యగారూ" అనేసినాను. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

ఆదివారం ఆరాధనలో లేచి, తప్పు నాదని అందరి ముందూ చెప్తాను. మళ్లీ బాప్తిస్మం ఎప్పుడో, ఎక్కడో నువ్వే రాసియ్యి. పాస్టరుగారికి నేను చూపిస్తాను.

అక్క, అబిగయీలు

నిన్న బాప్తిస్మానికని నువ్వు వేసుకుపోయిన తెల్ల ప్యాంటు, పొద్దున ఉతుకుదామని తీసినాను. నడుము దాకా ఉప్పు కట్టి ఉంది. అంత లోతుకి దిగి, ఒక్కడివే మా కోసం నిలబడినావా? ఉతకడానికి నాకు చేతులు రాలేదురా.