ఒకవైపు అణిగిన వలయం

కింది అంతస్తు, ఆసుపత్రి ల్యాబ్
బుధవారం మధ్యాహ్నం

అక్కకు చెల్లెలు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. కానీ మనిద్దరి మధ్య ఉన్నది రెండంతస్తుల మెట్లే. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు గనుక ఈ ఉత్తరం బావ చేతికిచ్చి పంపుతున్నాను. చింపెయ్యాలనిపిస్తే చదివాకే చింపు.

పెద్దదాని గురించి బెంగ పెట్టుకోకు. అమ్మ దగ్గర బాగానే ఉంది. తమ్ముడి ఉయ్యాల్లో బొమ్మల్ని పడుకోబెట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదట. పెత్తనంలో అచ్చం నీ పోలికే.

ఇక పైన పసిపిల్లల వార్డులో ఉన్న బుజ్జిగాడి సంగతి. మందులు మారుస్తున్నారంటే వీళ్లకేమీ తెలియడం లేదని నువ్వు బావ మీద విరుచుకుపడ్డావట. తెలియక కాదక్కా. వాడి బొడ్డు దగ్గర తీసిన చీములోని క్రిమిని పెంచి, జెల్లీ పోసిన ప్లేటు మీద పలచగా పూస్తాం. పైన మందు పట్టించిన చిన్న కాగితం బిళ్ళలు పెట్టి వెచ్చగా ఉంచుతాం. తెల్లారేసరికి ప్లేటంతా క్రిమి పరుచుకుంటుంది. మందు పనిచేస్తే దాని బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగులుతుంది. దాన్ని స్కేలు పెట్టి కొలుస్తాం.

తెల్లారి వాడి ప్లేటు తీసి చూశాను. క్రిమిని తన చుట్టూ గోడ కట్టుకోనివ్వని మందులను అది లెక్కచేయలేదు, ఆ బిళ్ళల అంచుదాకా పాకింది. లోపల పొయ్యి వెలగనివ్వకుండా దాని ఎదుగుదలను ఆపే మందు ఒకదాని చుట్టూ మాత్రం గుండ్రంగా, శుభ్రంగా వలయం వచ్చింది. డాక్టరుగారు మొదలుపెట్టింది ఆ మందే.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మనసొప్పలేదు. మా ల్యాబ్ మేడాన్ని బతిమాలి మళ్లీ ప్లేటు పెట్టాను. ఈసారి ఆ బిళ్ళ పక్కనే, దానికి దగ్గరి చుట్టంలాంటి ఇంకో మందు బిళ్ళ పెట్టాను. నిన్న ఉదయం తీసి చూస్తే ఆ గుండ్రటి వలయం పక్క బిళ్ళ వైపు అణిగిపోయి ఉంది, ఎవరో బొటనవేలితో నొక్కినట్టు. అంటే ఈ క్రిమి లొంగినట్టు నటిస్తోంది. ఆ మందును ఎదుర్కోవడం దానికి వచ్చు, అవసరం పడేదాకా బయటపెట్టదు. ఆ మందే వాడుతూ పోతే జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది.

మేడం వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేస్తే మందు మార్చారు. ఇప్పుడు ఎక్కిస్తున్న ఆ మందుకు కాగితం బిళ్ళ పరీక్ష పనికిరాదు. మందును పలచన చేస్తూ వరుసగా గొట్టాల్లో పోసి, ఎంత మోతాదుకు క్రిమి ఆగుతుందో చూడాలి. చూశాం. కొద్దిపాటికే ఆగింది. మాటిమాటికీ రక్తం తీస్తున్నారని నర్సును కసురుకోకు. మోతాదు మించితే మూత్రపిండాలకు చేటని చూసుకుంటున్నారు.

నాకు భయంగా ఉందక్కా. రోజూ ఎవరెవరి క్రిములనో కొలిచేదాన్ని, ఈ ప్లేటును మాత్రం మూడుసార్లు కొలిచాను. గొట్టంలో ఆగింది ఒంట్లో కూడా ఆగాలి కదా.

వార్డు అద్దం అవతల కూడా వచ్చి నిలబడలేదని నీ కోపం. ఏం చెయ్యను, పని తెమలడం లేదు.

నీ చాదస్తపు చెల్లి

తా.క. పని తెమలడం లేదన్నది అబద్ధం. ఆ రెండు బిళ్ళలూ పక్కపక్కన పెట్టాలని నాకెందుకు తట్టిందో నువ్వు అడగకముందే చెబుతాను. వాడికి జ్వరం వచ్చాక, వాణ్ణి ఎత్తుకున్న వాళ్లందరి ముక్కుల్లోంచీ దూదిపుల్లతో నమూనా తీశారు. నా ప్లేటు నేనే పెట్టుకున్నాను. అందులో అనుకోకుండా ఆ రెండు బిళ్ళలూ పక్కపక్కన పడ్డాయి. అణిగిన వలయం నేను మొదట చూసింది అక్కడే. అలాంటి క్రిమి నాకే హానీ చేయకుండా నా ముక్కులో కూర్చుని ఉంది. వాడు పుట్టగానే నువ్వు నా చేతుల్లోనే పెట్టించావు, నేను ముద్దు కూడా పెట్టుకున్నాను. వలయాలు ఒకేలా ఉన్నంత మాత్రాన రెండూ ఒకే క్రిమి అని చెప్పలేమంటారు మేడం. ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాను. ముక్కుకు మందు రాసుకుంటున్నాను, అది పోయిందని తేలేదాకా మీ ఛాయలకు రాను. నాతో మాట్లాడకపోయినా సరే. వాడి బొడ్డు చుట్టూ ఎరుపు తగ్గిందో లేదో మాత్రం బావతో చెప్పి పంపు. కింద మెట్ల దగ్గరే నిలబడి ఉంటాను.