గోడమామ్మ

అమ్మా, నా ఒంటికీ విశ్వాసానికీ ఏ లోటూ లేదు, దిగులుపడకు. ఆదివారం చర్చిలో పాట పాడాల్సినదాన్ని పత్తా లేనని పిన్ని నీ చెవిన వేసే ఉంటుంది. నిజమే, వెళ్లలేదు. నేను పాడితే చాలు, గోడ దబదబా బాదే పక్కవాటా గోడమామ్మ గురించి రాశాను కదా? ఆవిడ స్నానాలగదిలో జారిపడి మంచానపడింది. చూసే దిక్కు లేదు. బైబిలు పట్టుకుని గడప దాటానో లేదో, మూలుగు వినబడింది. ఒళ్లు తుడిచి, పక్క మార్చి, పాలు తాగించేసరికి ఆరాధన కాస్తా అయిపోయింది.

"దేవుణ్ణి వదిలేసి నా గుడ్డలు ఉతుకుతావేంటే, పిచ్చిదానా?" అంది.

"ఆయన ఇవాళ మీ ఇంట్లోనే దిగాడు, మామ్మగారూ" అన్నాను.

ఆవిడ లేచి నడిచేదాకా ఇంతే. నువ్వు కోప్పడినా, పాస్టరుగారు పిలిచి అడిగినా నా మాట మారదు. నీ పాత నూలు చీరలు, బాగా మెత్తబడ్డవి, పంపు. పక్క మీదికి కావాలి. తమ్ముడి దగ్గు తగ్గిందా? నాన్నకు వందనాలు. మీకందరికీ ప్రభువు తోడుండాలి.

కాస్త చోటు మిగిలింది. నిన్న అలిసిపోయి పాడకుండానే నడుం వాల్చాను. గోడ దబదబమంది. ఏమైందోనని పరుగెత్తాను.

"ఇవాళ పాటేదే?" అంది.