హాల్ల ఉరికిన పదహారు వందల మీటర్లు

అక్టోబర్ 30, 2022. ఆదివారం. కోరుట్ల.

సిరిసిల్ల బస్‌స్టాండ్ల బయలుదేరి నేను, నా బ్యాగు, నా కొత్త షూస్ ముగ్గురం క్షేమంగ అక్కోళ్ళింటికి చేరుకున్నం. చరిత్ర కోసం రాసి పెడుతున్న.

కానిస్టేబుల్ ప్రిలిమ్స్ పాసైన. ఇగ ఈవెంట్స్. డిసెంబర్ 14, కరీంనగర్. పదహారు వందల మీటర్లు ఏడు నిమిషాల పదిహేను సెకన్లల ఉరకాలె. ఉరికితే మెయిన్స్ రాయనిస్తరు. ఉరకకపోతే షార్జా. మధ్యల ఇంకో ఊరు లేదు.

షార్జాల మా బావ శ్రీశైలం ఒక జిమ్ముల పని చేస్తడు. ఆడ హెల్పర్ పోస్టు ఒకటి ఖాళీ ఉన్నదట, నా కోసం డిసెంబర్ 20 దాక ఆపిండు. బామ్మర్దీ, పోలీసువైతే నీకు సెల్యూట్ కొడత, కాకపోతే నీతోని నేలకు మాపు కొట్టిస్త అన్నడు ఫోన్ల. ఎటైనా ఆయనకు లాభమే.

ఇంటి సంగతి సంక్షిప్తంగ: బాపు నడిపే సాంచలు, అంటే మరమగ్గాలు, దసరా నుంచి వారానికి మూడు దినాలే ఆడుతున్నయి. బట్టకు ఆర్డర్ లేదట. అమ్మ బీడీల మీద ఇల్లు నడుస్తుంది. నేను బీకాం. రెండేండ్ల సంది ఇంట్ల నేను చేస్తున్న ఉత్పత్తి ఒక్కటే, అభిప్రాయాలు. వాటికి కూడ ఆర్డర్ లేదు.

అక్టోబర్ 31.

కోరుట్లకే ఎందుకు వచ్చినవ్ అని రేపు ఎవరన్నా అడిగితే జవాబు: ట్రెడ్‌మిల్.

బావ జిమ్ముల పాత మిషిన్లు తీసేస్తుంటే ఒకటి అడుక్కొని, వాళ్ళ అమ్మకు షుగర్ ఉన్నదని కార్గోల పంపిండు. దాని పక్కకు నల్ల మార్కర్ తోని బావ పేరు, ఫోన్ నంబరు, కోరుట్ల అని ఇంగ్లిష్‌ల అట్లనే ఉన్నయి. తప్పిపోతే ఎవరన్నా తోలుకొచ్చి అప్పజెప్తరు.

సత్యవ్వత్తమ్మ దాని మీద ఒక్కనాడు నడువలే. ఎత్తు సరిగ్గ ఉన్నదని దాని మీద కూసొని, ఒళ్ళ చాట పెట్టుకొని బీడీలు చేస్తది. నడిచి నడిచి హాల్లనే ఉండేదానికి నడుసుడెందుకు కొడుకా అని అడిగింది. ఆమె పొద్దున గల్లీల రెండు చక్కర్లు కొడుతది, వచ్చేటప్పుడు పది ఇండ్ల ముచ్చట తెస్తది. మిషిన్ ఒక్క ముచ్చట తేదు. వాదనల ఓడిపోయిన, కాని సింహాసనం ఖాళీ చేయించిన.

నవంబర్ 2. పొద్దున 5:40.

స్పీడ్ పది. నాలుగు నిమిషాలు. చచ్చిపోయిన. లేచి రాస్తున్న.

నవంబర్ 9.

పన్నెండు మీద ఆరు నిమిషాలు. అక్క భాగ్యశ్రీ వంటింట్ల నుంచి అరిచింది, ఇల్లు కూలుతుందిరా, పోలీసువైనంక ఉరుకు అని.

నవంబర్ 17.

ఈ తేదీ కింద గీత కొట్టాలె. 1.60 కిలోమీటర్లు. ఏడు నిమిషాల నాలుగు సెకన్లు.

స్క్రీన్ ఫోటో తీసి అందరికీ పంపిన. మాపు వేరేటోనికి ఇస్తున్న అని బావ మెసేజ్ పెట్టిండు. అక్క చాయ్‌ల రెండు స్పూన్ల చక్కెర ఎక్కువేసింది. అత్తమ్మ మాత్రం ఎంతదూరం పోయినవ్ అనడిగి, నేను నిలబడ్డ జాగ చూసి నవ్వింది.

బయట ఉరికేటోళ్ళ మీద జాలేస్తుంది. వాళ్ళకు లారీలు, గుంతలు, చలి, కుక్కలు. నాకు ఫ్యాను, టీవీ, ఆపుదామనుకుంటే ఎర్ర బటన్. మనిషి గుహల నుంచి బయటికొచ్చింది ఇందుకే, మళ్ళ లోపటికి పోయి ఉరకడానికి.

నవంబర్ 20. ఆదివారం. జగిత్యాల.

ఏసయ్య సార్ అని రిటైర్డ్ డ్రిల్లు సార్ ఒకాయన ఈవెంట్స్ పిల్లలకు ఉత్తగనే ట్రయల్ పెడుతున్నడంటే పోయిన. పోయేటప్పుడు బస్సుల కిటికీ పక్క సీటు. కాబోయే పోలీసు కదా.

ఎనిమిది నిమిషాల ఇరవై రెండు సెకన్లు.

కారణాలు రాస్తున్న. ఎదురుగాలి. గ్రౌండుల మట్టి మెత్తగున్నది. నా పక్క ఉరికినోడు పెగడపల్లి పిలగాడు, వాని శ్వాస వాడు తీస్కోక నా చెవుల తీసిండు. మలుపులు. మిషిన్ మీద మలుపే లేకుండె. రెండో రౌండుల కాళ్ళు నా మాట వినుడు బంద్ చేసినయి, మూడో రౌండుల నేనే వాటి మాట విన్న.

ఇంట్ల ఏడు నాలుగు వచ్చింది సార్ అని చెప్పిన. ఏ ఇంట్ల కొడుకా అన్నడు ఏసయ్య సార్. ఆ ఇంటినే కరీంనగర్ పట్టుకపో అన్నడు.

వచ్చేటప్పుడు నిలబడి వచ్చిన. సీట్లున్నయి.

నవంబర్ 21.

రాయ బుద్ధి కాలే.

నవంబర్ 23.

బాపు వచ్చిండు. సాంచలు పూర్తిగ బంద్ అయినయట. మళ్ళ ఎప్పుడంటే సేటుకే తెల్వదట. అమ్మ, ఇంట్ల కూసుంటే నీకు పిచ్చి లేస్తది, బిడ్డను చూసి రాపో అని బస్సెక్కించిందట.

బుధవారం పొద్దుగాల బాపు కుర్చీల కూసునుడు నేను పుట్టినంక చూడలే. చేతులు ఎక్కడ పెట్టాలెనో తెలుస్తలేదు ఆయనకు. మోకాళ్ళ మీద పెట్టిండు, తీసిండు, పేపరు పట్టిండు.

ఆయనకు ధైర్యం చెప్దామని మిషిన్ ఎక్కి పదమూడున్నర పెట్టిన. చూడు బాపు అన్న. ఆయన చూడలే. పేపరు దించకుండనే, బెల్టు జారుతుంది అన్నడు.

నవంబర్ 24.

విచారణ ఇట్ల జరిగింది.

బాపు బెల్టు మీద సుద్దముక్కతోని ఒక గీత కొట్టిండు. ఖాళీగ నడిపి, గీత నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతదో లెక్క పెట్టిండు. అరవై తొమ్మిది. నన్ను ఎక్కుమన్నడు. నేను ఉరుకుతుంటే మళ్ళ లెక్క పెట్టిండు. యాభై తొమ్మిది. స్క్రీన్ మీద మాత్రం రెండుసార్లూ అదే పదమూడున్నర.

అంటే నా కాలు పడ్డప్పుడల్లా బెల్టు జర ఆగుతుంది. నేను ఉరకని దూరం గూడ నా ఖాతాల పడుతుంది.

గింత మోసమా అన్న. మిషిన్ మోసం చేయలేదురా, అది దాని మోటర్ లెక్క చెప్పింది, నీ కాళ్ళ లెక్క నువ్వు అడుగలే అన్నడు. నిమిషానికి నూట ఇరవై దెబ్బలు కొట్టే సాంచలు ముప్పై ఏండ్లు విన్న చెవి. దానికి అప్పీలు లేదు.

ఇన్ని దినాల సంది నేను కూసుంటున్న, ఒక్కనాడు జారలేదమ్మా అని అత్తమ్మ గల్లీకంతా వినపడేటట్టు చెప్పింది.

బాపు పక్కింట్ల రెంచి అడిగి తెచ్చి, వెనుక రెండు బోల్టులు ఇంతింత బిగించిండు. పని దొరికినంక ఆయన చేతులు మంచిగున్నయి.

నవంబర్ 25.

బిగించిన మిషిన్ మీద పదమూడున్నర: మూడు నిమిషాల యాభై సెకన్లకే ఎర్ర బటన్ కొట్టిన. ఇది నేను.

బాధల ఉంటే తత్వం పుడుతది. బాపు, నీ బతుకు గూడ ట్రెడ్‌మిలే గదా, పన్నెండు గంటలు సాంచల నడుమ నడిచి నడిచి ఆ షెడ్డుల్నే ఉన్నవ్ అన్న. పిచ్చోడా, నేను నడిస్తే బట్ట వచ్చింది, నువ్వు నడిస్తే చెమట వస్తుంది అన్నడు. తత్వం వాపస్ తీసుకున్న.

నవంబర్ 27. పొద్దున 6:50.

బయటి ఉరుకుడు షురూ. ఐదింటికే బాపు లేపిండు. కాలేజి గ్రౌండ్. మంచుల ఎదురు మనిషి కనబడడు. బాపు మఫ్లర్ కట్టుకొని, అడుగులు లెక్కపెట్టి నాలుగు మూలలకు ఇటుకలు పెట్టిండు. ఆయన మొదటి ఇటుక కాడ నిలబడి గడియారం చూస్తడు. నేను మంచుల మాయమైత, మళ్ళ వస్త.

తేడాలు, నాకు తెలిసినంత మేరకు: మిషిన్ మీద భూమి నా కిందికి వస్తది, నేను కాలు లేపితే చాలు. ఇక్కడ భూమికి నాతోని పని లేదు. నేనే తన్నుకొని పోవాలె. మిషిన్ మీద అలిసిపోయినా స్పీడ్ తగ్గది. ఇక్కడ నాకు తెల్వకుండనే తగ్గుతది, తగ్గిందని బాపు చెప్పాలె. ఆయన అరువడు. ఇటుక కాడికి రాంగనే జర దగ్గుతడు. దగ్గితే స్లో.

ఇవ్వాళ పదకొండు సార్లు దగ్గిండు.

డిసెంబర్ 4. జగిత్యాల.

ఏడు నలభై ఒకటి. ఇల్లు మార్చినవా అన్నడు ఏసయ్య సార్. ఈయన నన్ను పొగుడుతున్నడని బాపుకు నేను విడమరిచి చెప్పవలసి వచ్చింది.

డిసెంబర్ 9.

ఏడు ఇరవై ఎనిమిది, ఇటుకల లెక్కల.

బావ ఫోన్ చేసిండు. ఆ పోస్టు ఇంకో ఇద్దరు అడుగుతున్నరట. పాస్‌పోర్ట్ కాపీ ఇప్పుడే పంపి పెట్టు, సెలెక్ట్ అయితే చింపేద్దం అన్నడు. పంపలే. పంపితే కాళ్ళకు తెలిసిపోతదని భయం.

డిసెంబర్ 13. కరీంనగర్. లాడ్జి.

బాపు గురక మంచి స్పీడ్ల ఉన్నది. నేను మేలుకొని ఉన్న.

డిసెంబర్ 14.

బాపును గేటు బయటనే ఆపిండ్రు. నా బ్యాగు పట్టుకొని కంపౌండ్ పక్క నిలబడ్డడు. మమ్మల్ని గుంపులు చేసి, గుర్తుకు చిప్పులు కట్టి, గీత మీద నిలబెట్టిండ్రు. నా ముందట కోనరావుపేట పిలగాడు, చెప్పుల్లేవు, కాళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకున్నడు. నా షూస్ చూసి మంచిగున్నయన్న అన్నడు. విజిల్ ఊదంగనే ఇంక వాని వీపు కూడ కనబడలే.

మొదటి రౌండు అందరితోని ఉరికిన, అంటే ఎక్కువ ఉరికిన. రెండో రౌండు బాగుండె. మూడో రౌండుల నా ముందట ముగ్గురు వరుసగ అడ్డం ఉరుకుతున్నరు. వాళ్ళ పక్క నుంచి బయటికి పోయి దాటాలె. మిషిన్ మీద నా ముందట ఎప్పుడూ గోడనే, గోడను దాటే పనే లేకుండె. పొద్దున మంచుల ఒక్కన్నే, దాటేటందుకు మనిషే లేకుండె. వాళ్ళు జరుగుతరేమో అని సగం రౌండు మర్యాదగ వెనుకనే ఉరికిన. మర్యాద! నేను! చివరి రౌండుల దాటిన, ముగ్గుర్నీ దాటిన, ఇంకో ఇద్దర్ని గూడ దాటిన, కండ్లు మసకలయినయి, ఎవరో ఏడుస్తున్నరనుకున్న, అది నా శ్వాస.

ఏడు నిమిషాల పందొమ్మిది సెకన్లు.

నాలుగు సెకన్లు. అయ్యో అన్నంత సేపు.

బయటికి రాంగనే ఎంత అన్నడు బాపు. చెప్పిన. కొంచెంసేపు బ్యాగు జిప్పు తీసుడు, పెట్టుడు చేసిండు. మొదట ఎనిమిది ఇరవై రెండు గదరా, నిమిషం మీద మూడు సెకన్లు దించినవ్ అన్నడు. ఇంకో వారముంటే అయ్యేది అన్నడు. అది నిజమే, అందుకే ఏడ్పొచ్చింది.

బస్‌స్టాండ్ల మిర్చీలు తిన్నం. ఆయన ప్లేటుల రెండు నాకేసిండు. మంటకు కండ్లల్ల నీళ్ళొచ్చినయని ఇద్దరం ఒప్పుకున్నం.

డిసెంబర్ 16. సిరిసిల్ల.

మళ్ళ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవ్వరికి తెల్వదు. సాంచలు ఎప్పుడో తెల్వదు. పో అని బాపు అనలే, వద్దనలే. నీ కాళ్ళు, నీ ఇష్టం అన్నడు. అమ్మ మాత్రం ఎండల తిరుగకు అన్నది. అంటే ఆమె అప్పటికే నన్ను పంపించేసింది.

బావకు నేనే ఫోన్ చేసిన. పాస్‌పోర్ట్ కాపీ పంపుతున్న అని చెప్పిన. ఆయన మాపు ముచ్చట తీయలే. ఒక్క జోకు గూడ వేయలే. అప్పుడు భయమైంది.

ఫిబ్రవరి 3. షార్జా.

వీక్లీ ఆఫ్. పొద్దున సముద్రం పొంటి ఉరికిన. ఒక ముసలి వాచ్‌మన్ చెయ్యడ్డం పెట్టి ఆపిండు. ఎవడన్నా తరుముతున్నడా అని హిందీల అడిగిండు. లేదన్న. మరి ఎక్కడికి అన్నడు. వాపస్ ఇక్కడికే అన్న.

పో మరి అన్నడు. పోయిన.