పిండిమర ఒక్క పావుగంట

మరిది బుల్లబ్బాయికి మీ వదిన చెప్పి రాయించేది.

గోడ తగాదా నాడు నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. ఉత్తరానికి ఒట్టు లేదు. మనవరాలు నాగశ్రీ రాస్తోంది. నా మాటలు మెత్తబరిస్తే ఊరుకోనని దానికి ముందే చెప్పాను.

రేపు మధ్యాహ్నం పావుగంట నీ పిండిమర ఆపాలి.

పక్షవాతం వచ్చాక మీ అన్నయ్యని వేళ్లు ఆడించమన్నారు డాక్టరుగారు. రబ్బరు బంతి ఇస్తే విసిరికొట్టారు. అటక మీది వీడియో గేము రిమోట్ చేతిలో పెడితే మాత్రం బొటనవేలు దానంతటదే బటన్ మీదికి పోయింది. గేము పెట్టె ఎప్పుడో పాడైంది కదా, రిమోట్‌ని కంప్యూటర్‌కి తగిలించడానికి నాగశ్రీ చిన్న సర్క్యూట్ చేసింది. అందులోని చిప్పుకి ప్రోగ్రాం ఎక్కట్లేదు. తీగలు మార్చింది, చిప్పు మార్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి తేలిందేంటంటే, నీ మర తిరగ్గానే మా ఇంట్లో బల్బు మసకబారుతోంది, ప్రోగ్రాం సగంలో చెడిపోతోంది. మర ఆగాక చేద్దామంటే, అది ఆగేదే కరెంటు పోయినప్పుడాయె!

"చిన్నతాతని నేనడుగుతాలే మామ్మా" అంది నాగశ్రీ. "నువ్వడిగితే పిల్లదానివని ఆపుతాడు. నేనడిగినా ఆపాలి" అన్నాను.

ఇంకోమాట. అది ఇద్దరాడే ఆట. ఆడుకుంటున్న పిల్లల్ని లేపేసి అన్నదమ్ములిద్దరూ టీవీ ముందు పోట్లాడుకునేవారు. పంపకాల్లో రెండో రిమోట్ నీ వాటాకి వచ్చింది. సర్క్యూట్‌లో దానికీ చోటు పెట్టించాను. మర ఆపి, అది పట్టుకురా. ఆయన పక్కన కూర్చుని ఓడిపో.

గెలిచావో, గోడ సంగతి మళ్లీ ఎత్తుతాను.

ఇట్లు, మీ వదిన వేలిముద్ర.