డాక్టరు అనే పిలుపు

ఖాసిం గారూ,

మీరు మా నాన్న వయసువారు. అయినా బతికుండగా మిమ్మల్ని ఒక్కసారీ "గారు" అనలేదు. ఏమోయ్ ఖాసిం అనేవాణ్ణి.

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున మిరపకాయల తొడిమలు తీసే ముసలమ్మ ఒకామె, మండుతున్న చేతులతో మన ఆస్పత్రి వరండాలోకి వచ్చింది.

"డాక్టరు గారు లేరా బాబూ?"

"నేనేనమ్మా. చెయ్యి చూపించు."

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. "నువ్వు కాదయ్యా, ఖాసిం డాక్టరు గారు."

నేను పొదిలి వచ్చిన మొదటి వారం, ఇదే వరండాలో ఎవరో మిమ్మల్ని అలాగే పిలిచారు. నా బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. "ఎం.బి.బి.ఎస్. చదివింది నువ్వా, నేనా?" అని రోగులందరి ముందూ అడిగాను. మీరు తల వంచుకున్నారు. అప్పట్నుంచి ఎవరు డాక్టరన్నా, "నేను కాంపౌండర్నమ్మా, డాక్టరు గారు లోపలున్నారు" అని దిద్దేవారు. నా బోర్డు మీద దుమ్ము మాత్రం రోజూ మీ భుజం మీది తువ్వాలుతోనే తుడిచేవారు.

ముసలమ్మ ఇంకా లోపలికే చూస్తోంది. బెంచీల నిండా జనం ఉన్నారు. వాళ్లందరికీ వినపడేలా చెప్పాను.

"డాక్టరు గారు పోయారమ్మా."